ఊరి బయలునకు వెల యెంత?

ఊరి బయలునకు మన రాష్ట్రమున వెల నిర్ణయమైయున్నది. అది ఇంటిస్థలపు విలువలో నూటికి 14 వంతులు. 2020 ఆగష్టు 31వ తేదీన వెలువడిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ నియమముల ప్రకారము, పిల్లల యాటలకును పెద్దల విశ్రాంతికిని నూటికి 10 వంతుల బయలు విడువక స్థలములు కోసి యమ్మిన చోట్ల, స్థలము కొన్నవాడు ఆ 14 వంతులు చెల్లించినచో ఆ లోపము తీరినట్లే యెంచబడును. ఆ విలువయైన నేటిది గాదు. స్థలము రిజిస్టరైన నాటిది. అంతటితో నాగక, 2025వ సంవత్సరమున గడువులోపల చెల్లించువారికి నూటికి 25 వంతుల తగ్గింపుకూడ ప్రకటింపబడెను. ప్రొద్దు గ్రుంకువేళ అంగడిలో మిగిలిన కూరగాయలకు ధర తగ్గుట యెరుగుదుము గాని, ఊరి బయలునకు ధర తగ్గుట మేమెరుగము.

ఈ పథకమును సమూలముగ నిందించుట మా యుద్దేశము గాదు. దీనికై వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు పైబడినవి. వారిలో పెక్కురు రూపాయి రూపాయి కూడబెట్టి నూరు, రెండువందల గజములు కొనుక్కొన్న చిన్న సంసారులు. బయలు విడువని దోషము వారిది గాదు. స్థలములు కోసి సొమ్ము చేసికొని వెడలిపోయినవానిది, చూచియు చూడనట్లున్న యధికారిది. కావున వారి యిండ్లకు చట్టపు నీడ దొరకుట మంచిదే. మేమడుగునది వేరొకటి. ఈ 14 వంతుల సొమ్ము దేనికి బదులుగా గైకొనబడుచున్నది? బయలునకు బదులుగా. అట్లైన బదులు పుచ్చుకొన్నవారు బయలు నీయవలదా? ఇచ్చినచో నేయూర, నే సర్వే నంబరున, ఎన్ని గజములిచ్చిరి?

లెక్క గట్టి చూతము. ఒక్కచో 10 ఎకరముల లేఅవుటు వేసిరనుకొందము. విడువవలసిన బయలు ఒక యెకరము, అనగా 4,840 చదరపు గజములు. బాటలు మొదలగునవి పోగా 6 యెకరములు, అనగా 29,040 గజములు, ఇంటిస్థలములుగా నమ్ముడుపోయినవనియు, రిజిస్ట్రేషను నాటి విలువ గజమునకు 2,000 రూపాయలనియు ననుకొందము. మొత్తపు విలువ 5 కోట్ల 80 లక్షల 80 వేలు. అందు 14 వంతులు 81 లక్షల 31 వేల చిల్లర. తగ్గింపు పోగా మిగులునది దాదాపు 61 లక్షలు. నేడు ఆ చోటనే గజము 20,000 రూపాయలైనచో ఈ సొమ్ముతో కొనదగినది 305 గజములు! పోయినది 4,840 గజములు, వచ్చునది 305. ఈ ధరలు మేము ఊహకొరకు దీసికొన్నవే. ఐనను నాటి ధరకమ్మి నేటి ధరకు కొనుటలోని నష్టము నెవరును కాదనజాలరు. పైగా ఆ 305 గజములైనను కొనిరని చెప్పు కాగితము ప్రజల కంటబడినగదా!

ఈ ప్రశ్న మన ప్రాంతమున మరింత తీవ్రమైనది. పటాన్‌చెరు పేరులోనే చెరువున్నది. కల్యాణి చాళుక్యులనాటి శాసనములందలి పొట్టలకెఱె యిదియేయని చరిత్రకారులందురు. కెఱె యన్నను చెరువే. మంజీరా నదియు, దానిలో గలయు నక్కవాగును, మెట్టమెట్టకు నొక కుంటయు, పల్లమునకొక చెరువును గల దేశమిది. సంగారెడ్డి నడిబొడ్డున మహబూబ్‌సాగరము గలదు. 1970వ దశాబ్దమున పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెలసెను. దాని వెంబడి బొల్లారము, పాశమైలారము, కాజీపల్లి, గడ్డపోతారము కర్మాగారములతో నిండినవి. పిదప బాహ్యవలయరహదారి వచ్చెను. నేడు ముత్తంగినుండి కందివరకు బాటకిరుప్రక్కల పొలముగట్టులు పోయి స్థలముల హద్దురాళ్లే కనబడుచున్నవి.

బయలును వాగును రక్షింపక పిదప న్యాయస్థానమునకు పోయినవారి గతి యెట్లుండునో నక్కవాగు రైతుల కథ చెప్పును. కర్మాగారముల మురికినీరు వాగున బడి పొలములు చెడగా, 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలయ్యెను. అది 2001లో హైకోర్టునకును, ఆ పిదప జాతీయ హరిత ధర్మాసనమునకును బదిలీయై, 2017లో ముగిసెను. ఇరువదియేడేండ్లు! వ్యాజ్యము వేసిననాడు పుట్టిన బిడ్డ ముగిసిననాటికి బిడ్డలతండ్రి కావచ్చును. ఈలోపల, 2009లో కేంద్ర కాలుష్యనియంత్రణమండలి దేశమున తీవ్రకాలుష్యప్రాంతములుగ గుర్తించిన 43 చోట్లలో పటాన్‌చెరు-బొల్లారము నొకటి యయ్యెను. వ్యాజ్యము ముగిసిన 2017 అక్టోబరు నెలలోనే గండిగూడెము చెరువున చేపలు రాసులు రాసులుగ చచ్చి తేలెను. నష్టపరిహారము పొలమును తిరిగి యీయలేదు. తీర్పు వాగును తిరిగి యీయలేదు. పోయినపిదప వచ్చు న్యాయముకన్న పోకమునుపు వేసిన కంచె మేలు.

అట్లని యంతయు చెడినదని మేమనము. ఈ ప్రాంతముననే నిలిచియున్న బయళ్లు మూడు గలవు. అవి యేల నిలిచినవో విచారించిన మనకు కర్తవ్యము బోధపడును. మొదటిది మంజీరా వన్యప్రాణి రక్షితప్రదేశము. 1978లో నెలకొల్పబడిన యీ 20 చదరపు కిలోమీటర్ల జలప్రదేశమున మొసళ్లును వలసపక్షులును నిర్భయముగ నున్నవి. ఏలయన, ఆ జలాశయపు నీరు భాగ్యనగరమునకు త్రాగునీరు. దానిపై కన్ను వేయువానిని పట్టణమంతయు కనిపెట్టియుండును. రెండవది పటాన్‌చెరునందలి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ, ఇక్రిశాట్. 1972లో నెలకొన్న యీ సంస్థకు దాదాపు 3,500 ఎకరములు గలవు. దానికొరకు రెండు పల్లెలు లేచిపోవలసివచ్చినమాట మరువరాదు. అది ప్రజల విహారస్థలమును గాదు. ఐనను ఏబదియేండ్లుగ నా నేల ముక్కలు గాక నిలిచినదన్న, దానికొక ప్రయోజనము, ఒక హద్దు, ఒక కావలి యుండుటచేతనే.

మూడవది అమీన్‌పూరు పెద్దచెరువు. 2016 నవంబరులో దీనిని జీవవైవిధ్య వారసత్వస్థలముగ ప్రకటించిరి. పట్టణప్రాంతపు నీటివనరులలో దేశమున కిట్టి గౌరవము దక్కుట యదియే ప్రథమము. రాజహంసలు వచ్చి వ్రాలు ఆ చెరువును కొందరు స్వచ్ఛందసేవకులు తమదిగ నెంచి చెత్త నెత్తి శుభ్రపరచుటచేతనే ఆ గౌరవము లభించెను. కాని బిరుదు వేరు, భద్రత వేరు. చెరువునకు బిరుదు వచ్చెను. చెరువు చుట్టునున్న పల్లపు నేలలకు, చెరువులోనికి నీరు తెచ్చు కాలువలకు రక్షణ రాలేదు. మెడలో పతకము వేసి గొంతు నులిమినట్లున్నది.

ఇక కూల్చివేతల మాట. 2024 జూలైలో హైడ్రాయను సంస్థ యేర్పడి, బాహ్యవలయరహదారి లోపలి చెరువులను ప్రభుత్వభూములను కాపాడు బాధ్యత వహించినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో అమీన్‌పూరు మండలమునను కట్టడములు కూల్చబడినవి. సెలవుదినమైన ఆదివారమున నింత తొందర యేలయని హైకోర్టు అధికారులను నిలదీసినది. ఆక్రమణను తొలగింపవలసినదే, అందు మాకు సందేహము లేదు. కాని కూల్చివేత రక్షణపథకము గాదు. రక్షణపథకము లేదనుటకు సాక్ష్యము. యంత్రము వచ్చునాటికి స్థలము అమ్మినవాడు సొమ్ముతో గడప దాటియుండును. పత్రము వ్రాసిన కార్యాలయము రుసుము పుచ్చుకొనియుండును. గోడపడి యేడ్చువాడు కొన్నవాడొక్కడే.

న్యాయవాదవృత్తియందున్న మాకు పలుమారు కనబడు వింత యొకటి గలదు. లేఅవుటు పటమున నొక మూల పచ్చరంగు పూసి "పార్కు" అని వ్రాసియుందురు. ఆ పటమును జూపియే స్థలములన్నియు నమ్ముదురు. కాని ఆ పార్కును గ్రామపంచాయతి పేర దానపత్రము వ్రాసి రిజిస్టరు చేయరు. పహాణీలో పాత పట్టాదారు పేరే నిలుచును. పదునైదేండ్లు గడచును. భూమిధర పెరుగును. పట్టాదారు వారసులు వచ్చి పార్కును నాలుగు ముక్కలుగ కోసి యమ్ముదురు. కాలనీవాసులు పటము చేతబట్టుకొని మాయొద్దకు పరుగెత్తి వత్తురు. పటమున రంగున్నది, రికార్డున హక్కు లేదు. ఇంతలో కార్యాలయములును మారిపోవుచున్నవి. అమీన్‌పూరు, తెల్లాపూరు, బొల్లారము మొదట గ్రామపంచాయతులు, 2018లో పురపాలకసంఘములైనవి, 2025 డిసెంబరులో మహానగరపాలకసంస్థలో విలీనమైనవి. ఏడేండ్లలో మూడు చేతులు మారిన బీరువాలలో ఏ దానపత్రమెక్కడ నున్నదో యెవరు చెప్పగలరు?

కావున బయలును కాపాడుటకు నాలుగు పనులు, ఈ క్రమముననే, జరుగవలయునని మా యభిప్రాయము.

మొదటిది లెక్క. చెరువు, కుంట, వాగు, శిఖము, గైరాను, అడవి, లేఅవుటు పార్కు - ప్రతిదానిని సర్వే నంబరుతో, విస్తీర్ణముతో, హద్దులతో నొక్క పట్టికలో నెక్కింపవలయును. సేత్వారును, పాత గ్రామపటములును, మంజూరైన లేఅవుట్లును దగ్గరబెట్టుకొని సరిచూచినచో నిది యసాధ్యము గాదు. ఆ పట్టిక అధికారి బీరువాలో నుండిన లాభము లేదు. ప్రతి వార్డు కార్యాలయమునందును, ప్రతి పఠనమందిరమునందును గోడకు వ్రేలాడవలయును.

రెండవది హక్కు. ప్రతి బయలును స్థానికసంస్థ పేర రిజిస్టరు చేయించి, రిజిస్ట్రేషను చట్టము 22-ఏ విభాగపు నిషేధపట్టికలో నెక్కింపవలయును. అప్పుడు దానిని తిరిగి యమ్మజూచినవాని పత్రము కార్యాలయపు గడపలోనే యాగిపోవును. ఇందుకు న్యాయస్థానముల బలము కొదువ లేదు. బెంగుళూరులో ఉద్యానమునకై విడిచిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రికి కేటాయింపగా, అది చెల్లదని సుప్రీంకోర్టు 1991లో నిర్ణయించెను. గ్రామముల యుమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగించుటకు పథకములు సిద్ధపరుపుడని 2011లో అన్ని రాష్ట్రములకు నాదేశించెను. చెరువుల విషయమున మన రాష్ట్రమున 2012 నాటి నిర్మాణనియమములే గలవు: 10 హెక్టారులకు తగ్గని చెరువునకు పూర్తిజలమట్టమునుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువునకు 9 మీటర్లు కట్టడము లేకుండ విడువవలెను. నియమమున్నది, రాయి పాతినవారు లేరు. హద్దు రాతి పైకెక్కువరకు నియమము నీటిపై వ్రాతయే.

హక్కు విషయమున నొక న్యాయము మరువరాదు. మన ప్రాంతమున శిఖములో పట్టాగల రైతులు పెక్కురున్నారు. నీరు తీసిననాడు పైరు వేసికొను హక్కు వారికి తరతరములుగ గలదు. ఇల్లు కట్టు హక్కు మాత్రము లేదు. వారిని దొంగలవలె జూచుట యన్యాయము. సాగు సాగనిచ్చి, అమ్మకమును కట్టడమును మాత్రము మాన్పవలయును. భూమినే యప్పగింపగోరువారికి సొమ్మైనను, వేరొకచోట నంతస్తులు కట్టుకొను హక్కుపత్రమైనను ఈయవలయును. అట్టి హక్కుపత్రముల పద్ధతి మన రాష్ట్రమున నమలులోనే యున్నది.

మూడవది నిధి. ఇచ్చట దూరదేశపు టుదాహరణ యొకటి ఉపకరించును. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున కొండల యడుగున బౌల్డరను పట్టణము గలదు. 1967లో ఆ పట్టణవాసులు వోటు వేసి తమపై తామే పన్ను వేసికొనిరి: వంద డాలర్ల సరుకు కొన్నప్పుడెల్ల 40 సెంట్లు బయళ్లు కొనుటకే ప్రత్యేకింపవలెనని. బయళ్లకొరకు పన్ను వేసికొన్న మొదటి అమెరికా పట్టణమదియే. నేడు ఆ పట్టణము కాపాడు బయళ్లు 45,000 ఎకరములకు పైబడినవి. బయళ్ల వ్యవహారము చూచుటకు ధర్మకర్తలమండలి గలదు. దాని సమ్మతి లేక బయలు నన్యాక్రాంతము చేయరాదను కట్టడిని 1986లో పురశాసనమునందే చేర్చిరి. వారిది ధనికదేశమనియు, మనకట్టి శక్తి లేదనియు కొందరనవచ్చును. మేము కొత్తపన్ను కోరుట లేదు. బయలు పేరు చెప్పి వసూలు చేసిన పన్ను ఇదివరకే యున్నది. ఆ 14 వంతుల సొమ్మును ఊరివారీగ, వార్డువారీగ వేరుఖాతాలో నుంచి, ఆ ఊరనే, కాకున్న ఆ మండలముననే, భూమి కొనుటకు వినియోగింపవలెనని మాత్రమే కోరుచున్నాము. అమీన్‌పూరు బిడ్డలు కోలుపోయిన యాటస్థలమునకు వచ్చిన సొమ్ముతో వేరొకచోట వీధిదీపములు వెలిగించుట ధర్మము గాదు.

నాలుగవది కావలి. బయలు కొని తాళము వేసినచో నది బయలు గాదు, దొడ్డి. స్థానికులతో నొక సంఘమును, జీతముగల కావలివానిని, ఏటికొక్కసారి బహిరంగసభలో చదువబడు లెక్కను నేర్పాటు చేయవలయును. ఆ లెక్కలో మూడు పంక్తులు చాలును: నిరుడెన్ని యెకరములుండెను, ఏడెన్ని యున్నవి, తేడా యేల వచ్చెను. సుందరీకరణమను పేర చెరువుగట్టున సిమెంటు పరచి చెరువును పళ్లెముగ జేయు పనివారికి మేము నమస్కరించుచున్నాము. వాగును వాగుగ, గడ్డిని గడ్డిగ విడుచుటకు గుత్తేదారు అక్కరలేదు; బహుశః అందుచేతనే యది జరుగుట లేదు.

సొమ్ము పరిమితము గనుక ముందువెనుకలు నిర్ణయింపవలయును. మొదట నీరు పారు దారులు. పిదప కర్మాగారములకును కాపురములకును నడుమ నుండవలసిన ఖాళీ. ఆ పిదప ఆటస్థలములు. ఈ రెండవదాని యవసరమును మనకు నిప్పు బోధించినది. 2025 జూన్ 30న పాశమైలారమున నొక ఔషధకర్మాగారమందు సంభవించిన ప్రేలుడులో 40 మందికి పైగా కూలీలు మరణించిరి. అట్టి కర్మాగారముల గోడకు గోడ యానించి కాపురములు పెరుగనిచ్చువారు రాబోవు ప్రమాదమునకు పాలుపంచుకొన్నవారే. అనుమతిపత్రములందు కర్మాగారపు నేలలో నూటికి 33 వంతులు పచ్చదనముండవలెనని షరతు వ్రాయుట పరిపాటి. ఆ 33 వంతులు కొలిచి చూచినవారెవరో, ఎప్పుడు చూచిరో ప్రకటింపవలయును.

పనికావలసినచోట పార్కులేమిటని యాక్షేపించువారు గలరు. బయలు సంపన్నుల విలాసమని వారి వాదము. మేము విపరీతముగ నెంచుచున్నాము. సంపన్నునకు తన తోట తనకున్నది, సెలవులకు కొండయూళ్లున్నవి. ఒడిశానుండి బీహారునుండి వచ్చి ఒక్క గదిలో ఆరుగురు చొప్పున నుండు కూలివానికి ఊరి బయలు తప్ప వేరు వాకిలి యేది? దసరానాడు జమ్మికొమ్మ నాటుటకు, బతుకమ్మను నీట విడుచుటకు, పీర్ల గుండము త్రవ్వుటకు, పిల్లవాడు బంతి కొట్టుటకు కావలసినది సొంతనేల గాదు, ఉమ్మడినేల. ఉమ్మడినేల పోయిన యూరిలో మనుష్యులు కలియు చోటు పోవును. కలియు చోటు పోయినపిదప ఊరు ఊరుగ మిగులదు, పడకగదుల వరుసగ మిగులును.

ఇట్టి పని తలపెట్టనిచో నేమగునో కంచ గచ్చిబౌలి చెప్పినది. అచ్చటి 400 ఎకరములను ప్రభుత్వము తనదనెను, విద్యార్థులు అడవియనిరి. చెట్లు కూలుచుండగా 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలుగజేసికొని యాపవలసివచ్చెను. ఆ నేల దేనికని ముందే తేల్చి వ్రాసియుంచినచో, రాత్రింబవళ్లు యంత్రములు తిరుగుటయు లేకుండెడిది, దేశపు టత్యున్నతన్యాయస్థానము చెట్లు లెక్కించుటయు లేకుండెడిది. ప్రతి కుంటకును సుప్రీంకోర్టు రాదు.

మహాజనులారా! ప్రభుత్వము చేయునని కూర్చుండిన మనకు మిగులునది పటములోని పచ్చరంగే. 2005 నాటి సమాచారహక్కుచట్టము మన చేతనున్నది. మీ కాలనీ లేఅవుటులో విడిచిన బయలెంత, దాని దానపత్రపు నంబరేమి, అది నిషేధపట్టికలో నెక్కినదా, మీ ఊరినుండి బయలుపేర వసూలైన సొమ్మెంత, అందెంత భూమి కొనిరి - ఈ యైదు ప్రశ్నలు వ్రాసి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుడు. వచ్చిన యుత్తరమును పఠనమందిరపు గోడకంటింపుడు. రాకున్న, రాలేదనియే వ్రాసి యంటింపుడు. మీ వీధిలో నేడు ఖాళీగనున్న స్థలము రేపును ఖాళీగ నుండవలెనన్న, దాని సర్వే నంబరు మీ పిల్లలకు నోటికి రావలయును. సొమ్ము పుచ్చుకొన్నవారు బయలు నప్పగించువరకు ఈ బాకీ తీరినట్లు మేమొప్పుకొనము, మీరును ఒప్పుకొనవలదు.